బొడిపెల మధ్య ఖాళీ

వరినాట్లకు ముందు మడిలో దమ్ము చేస్తున్న ట్రాక్టరును గట్టు మీద నిలబడి ఎప్పుడైనా గమనించారా? రోడ్డు మీద తిరిగే రబ్బరు చక్రాల స్థానంలోనో, వాటికి జోడుగానో ఇనుప చక్రాలు బిగిస్తారు. కేజీవీల్స్ అంటాం. ఆ చక్రంలో ఇనుము కొంచెం, ఖాళీ చాలా. అడ్డపట్టీ బురదలోకి దిగి అడుగు నేలను తన్నుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య దూరిన బురద, చక్రం పైకి లేచేలోపే జారిపోతుంది. మోకాటి లోతు అడుసులో అంత బరువున్న బండి ముందుకు కదులుతోందంటే అందులో సగం ఘనత ఆ ఖాళీదే.

సైకిలు టైరు దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతి మర్చిపోతాం. వానకాలం మట్టిదారుల్లో మౌంటెన్ బైక్ తొక్కాలనుకునేవాళ్లు షాపులో టైరు మీది బొడిపెలను వేలితో నొక్కి చూస్తారు. ఎత్తుగా ఉన్నాయా, రబ్బరు మెత్తగా ఉందా, టైరు లావుగా ఉందా అని చూస్తారు. బొడిపెల మధ్య ఎంత చోటుందో చూసేవాళ్లు తక్కువ. నేనూ చాలాకాలం చూడలేదు. చూడాలని నేర్పింది వికారాబాద్ దగ్గరి ఒక చేను.

అనంతగిరి గుట్టలు హైదరాబాద్‌కు సుమారు 75 కి.మీ. దూరం. మూసీ పుట్టేది అక్కడే. గుట్ట మీద లాటరైటు ఎర్రనేల. ఆగస్టు నెల, రాత్రంతా వాన పడి తెల్లవారి తెరిపిచ్చింది. ఆ ఎర్రమట్టి దారిలో గంటన్నర హాయిగా తొక్కాను. టైరు ఒక్కోచోట జారినా మరుక్షణమే పట్టు చిక్కేది. గుట్ట దిగి చేల మధ్య బండ్లబాట పట్టాను. 40 అడుగులు కూడా పోలేదు, వెనక చక్రం ఆగిపోయింది. ఇంకో రెండు గజాలకు ముందు చక్రం ఫోర్కులో బిగుసుకుంది. దిగి సైకిలు ఎత్తబోతే లేవలేదు. పుల్ల పెట్టి గీకాను. నాలుగు అడుగులు నెట్టేసరికి మళ్లీ అంతే మట్టి. గట్టు మీద నుంచి చూస్తున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

“రేగడి ఇది బిడ్డా. వాన పడ్డంక ఎడ్లు గూడ దిగవు దీంట్ల.”

“ఎన్ని రోజులు ఆగాలె తాతా?”

“మూడు నాలుగొద్దులు ఎండ కొట్టనియ్యి. పదునుకొస్తది. అప్పుడు రా.”

ఇద్దరం చెరోవైపు పట్టుకుని సైకిలును గట్టు ఎక్కించాం. అదే టైరు, అదే గాలి, అదే పూట. మారింది నేల ఒక్కటే. అందుకే, టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదివే ముందు కాళ్ల కింది మట్టిని చదవాలన్నది నా మాట.

వేళ్ల మధ్య మట్టి పట్టీ

బురద అని ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మన భాషలో కూడా లేదు. చిత్తడి వేరు, అడుసు వేరు, రొంపి వేరు, జిగట వేరు. రైతు వాడే ఈ తేడాలన్నీ టైరుకూ వర్తిస్తాయి. తేడా ఎక్కడ పుడుతుందంటే రేణువు పరిమాణంలో. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మి.మీ. దాకా ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కంటే చిన్నది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలలో నీళ్లు ఇంకిపోతాయి, రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. బంక పాలు పెరిగేకొద్దీ నీళ్లు నిలిచి, మట్టి తనకు తానూ, తగిలిన ప్రతిదానికీ అంటుకుంటుంది.

హైదరాబాద్ గ్రానైటు మీద కూర్చున్న ఊరు. ఆ రాయి శిథిలమై ఏర్పడింది మొరం, ఎర్ర చల్కా. పడమరకు, వికారాబాద్ దాటి పోతుంటే దక్కన్ బసాల్టు మొదలవుతుంది. ఆ నల్లరాయి నుంచి పుట్టింది నల్లరేగడి. అందులోని బంక మామూలు బంక కాదు, నీళ్లు పీల్చి ఉబ్బే రకం. వేసవిలో అదే నేల నెర్రెలు విచ్చడం మనందరం చూసిందే. ఉబ్బడమూ నెర్రెలివ్వడమూ ఒకే గుణానికి రెండు ముఖాలు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడితే అందులో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అంటే తొక్కడానికి చల్లగా, పచ్చగా ఉండే నాలుగు నెలల్లోనే ఈ నేలలన్నీ తమ అసలు గుణం చూపిస్తాయి.

మీ దారి ఏ రకమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నేల పరిశీలకులు వాడే చేతి పరీక్ష ఒకటుంది. గుప్పెడు మట్టి తీసుకుని, రాళ్లు ఏరేసి, చపాతీ పిండిలా అయ్యేదాకా నీళ్లు చల్లి పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ సన్నని పట్టీలా పైకి తోయండి. తన బరువుకు తాను తెగే లోపు అది 2.5 సెం.మీ. కూడా సాగలేదంటే మట్టిలో బంక తక్కువ. 2.5 నుంచి 5 సెం.మీ. మధ్య సాగితే మధ్యరకం. 5 సెం.మీ. దాటి సాగిందంటే అది జిగట బంకమట్టి. సైకిలు దిగి రెండు నిమిషాలు కూర్చుంటే తేలిపోయే విషయం. దీని మీద ఆధారపడి చేసే నిర్ణయం మాత్రం కొన్ని వేల రూపాయలది.

రెండో పరీక్ష ఇంకా చిన్నది. ఒక పుల్లను బురదలో గుచ్చి గట్టినేల ఎంత లోతున తగిలిందో చూడండి. గుట్టల మీద ఎర్రనేలలో తరచుగా 3–5 మి.మీ. జారుడు పొర, దాని కింద రాయిలాంటి నేల. ఆ పొరను చీల్చుకుని కిందికి దిగగల బొడిపె ఉంటే చాలు, అంటే 5–6 మి.మీ. ఎత్తు. పుల్ల 50 మి.మీ. దిగిందనుకోండి, ఏ బొడిపె గట్టినేలను అందుకోలేదు. అక్కడ టైరు బురదనే పట్టుగా చేసుకుని నడవాలి, లేదంటే మీరు దిగి నడవాలి.

నాలుగు చిన్న భాగహారాలు

ఇప్పుడు ఖాళీ సంగతి. మౌంటెన్ బైక్ టైర్లలో, ఉజ్జాయింపుగా చెప్పాలంటే, పొడినేల మీద వేగంగా పరుగెత్తే క్రాస్‌కంట్రీ రకానికి బొడిపెల ఎత్తు 2–3 మి.మీ. మామూలు ట్రైల్ టైరుకు 4–5. బురద కోసమే చేసిన వాటికి 6, ఆపైన. షాపువాళ్లు చెప్పేది ఈ ఎత్తే. అయితే ఎత్తు పెంచితే ఎంత లాభం, ఎడం పెంచితే ఎంత లాభం అన్నది కాగితం మీద వేసి చూడదగ్గ లెక్క.

సులువు కోసం రెండు బొడిపెల వరుసల నడుమ సందును ఒక చిన్న కాలువ అనుకుందాం. కాలువ వెడల్పు 4 మి.మీ., లోతు 4 మి.మీ. అందులో నిండిన మట్టి అడ్డుకోత 16 చ.మి.మీ. అది అంటుకుని ఉండేది అడుగున 4, రెండు గోడలకు నాలుగేసి చొప్పున 8, మొత్తం 12 మి.మీ. పొడవునా. మట్టిని ఊడగొట్టడానికి లాగేది దాని బరువు. ఊడకుండా పట్టేది అంటు. 16ను 12తో భాగిస్తే 1.33. ఈ అంకె ఎంత పెద్దదైతే మట్టి అంత సులువుగా ఊడుతుంది.

సందు 4 మి.మీ. అలాగే ఉంచి బొడిపెల ఎత్తు మాత్రం 6కు పెంచుదాం. మట్టి 24, అంటు 16. భాగిస్తే 1.5. పెద్ద లాభమేమీ లేదు. ఎత్తు 4 అలాగే ఉంచి సందును 12 మి.మీ. చేద్దాం. మట్టి 48, అంటు 20. భాగిస్తే 2.4. రెండూ పెంచి, ఎత్తు 6, సందు 12 చేస్తే మట్టి 72, అంటు 24, ఫలితం 3. అంటే ఎత్తు ఒక్కటే పెంచితే వచ్చేది పిసరంత. ఎడం ఒక్కటే పెంచినా ఊడే గుణం దాదాపు రెట్టింపవుతుంది. ఎడంతో పాటు ఎత్తు పెరిగినప్పుడే ఎత్తుకు విలువ. ఇడ్లీ గుంట వెడల్పుగా, లోతు తక్కువగా ఎందుకుంటుందో వంట చేసేవాళ్లకు తెలుసు. అదే పిండిని ఇరుకు గ్లాసులో పోసి ఉడికిస్తే చెంచాతో తవ్వుకోవాల్సిందే.

అసలు టైరులో సందులు ఇంత నికరమైన కాలువలు కావు. బొడిపెలు తొక్కుడుకు వంగుతాయి, ఆ కదలిక కూడా మట్టిని కొంత వదిలిస్తుంది. అయినా లెక్క చూపించే దిశ మారదు. అందుకే కొత్త టైరు చూడబోయేటప్పుడు జేబులో 15 సెం.మీ. స్కేలు పెట్టుకుని వెళ్లమంటాను. మధ్య బొడిపెల వరుసల మధ్య దూరం కొలవండి. ఆ దూరం బొడిపె ఎత్తుకు కనీసం రెండింతలు ఉంటే బురదలో పనికొస్తుంది. సమానంగా ఉంటే ఎండాకాలానికి అట్టే పెట్టుకోండి.

ఎత్తు మీద మోజు ఎక్కడ ఆగాలో డౌన్‌హిల్ పోటీల మెకానిక్కులు ఎప్పుడో కనిపెట్టారు. మాక్సిస్ కంపెనీ తయారుచేసే వెట్ స్క్రీమ్ అనే టైరుకు మేకుల్లాంటి పొడవాటి బొడిపెలుంటాయి. లోతు బురదలో అది రాజే. దారిలో రాళ్లు, వేర్లు, గట్టిపడిన చోట్లు వస్తే ఆ మేకులు ఒరిగిపోతాయి, టైరు కింద నుంచి ఎవరో లాగినట్టుంటుంది. అందుకని పోటీ ముందురోజు రాత్రి కూర్చుని ఒక్కో మేకునూ కటింగ్ ప్లయర్‌తో పొట్టిగా కత్తిరించేవారు. ఆ అలవాటే తర్వాత షార్టీ అనే టైరు అయింది. మేకులు పొట్టివి, ఎడం మాత్రం తగ్గలేదు. బ్రాండు ఏదైనా, మన గుట్టలకు సరిపోయేది ఆ తరహాయే.

మట్టి ఎప్పుడు ఎగిరిపోతుంది

ఖాళీ ఉంటే చాలదు, మట్టిని విసిరేసే బలం కావాలి. అది చక్రం తిరిగే వేగంలో ఉంది. 29 అంగుళాల చక్రానికి 2.3 అంగుళాల టైరు వేస్తే చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు, వ్యాసార్ధం 37 సెం.మీ. గంటకు 5 కి.మీ. వేగంతో, అంటే నడిపించుకుంటూ పోయేటప్పుడు, టైరు అంచున మట్టిని బయటికి లాగే బలం ఆ మట్టి బరువులో సగమే. 8 కి.మీ. వేగానికి బరువుకు 1.4 రెట్లు. 16 కి.మీ. వేగానికి 5.5 రెట్లు. 24 కి.మీ.కు 12 రెట్లు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది.

అదే దారిలో కిందికి దిగేటప్పుడు శుభ్రంగా ఉన్న టైరు ఎక్కేటప్పుడు పేడముద్దలా ఎందుకు తయారవుతుందో ఈ వరుస చెబుతుంది. చిక్కుకున్నప్పుడు దిగి నెట్టడం మొదలుపెడితే పరిస్థితి ఎందుకు ఇంకా దిగజారుతుందో కూడా. కాబట్టి మీ దారిలో నిలువెక్కుళ్లు ఎక్కువైతే, వేగం ఇవ్వలేని సాయం టైరు ఎడమే ఇవ్వాలి. దిగుడు దారులే ఎక్కువైతే మామూలు ట్రైల్ టైరుతో కూడా నెట్టుకురావచ్చు. చిన్న చిట్కా ఒకటి: జిగట మడుగు దాటి గట్టినేల మీదికి రాగానే పది పదిహేను గజాలు గట్టిగా తొక్కండి. టైరు దానంతటదే దులుపుకుంటుంది.

ఊడని మట్టి బరువు ఎంత? బొడిపెలు పూర్తిగా పూడిపోయాయనుకుందాం. వాటి పైన, 60 మి.మీ. వెడల్పున, చక్రం చుట్టూ మరో 5 మి.మీ. పొర. 690 ఘన సెం.మీ. తడి బంకమట్టి ఘన సెం.మీ.కు 1.8 గ్రాములు వేసుకున్నా 1.24 కిలోలు. ట్రైల్ టైరు బరువే ఇంచుమించు ఒక కిలో. పొర 10 మి.మీ. అయితే చక్రానికి రెండున్నర కిలోలు, రెండు చక్రాలకు 5. ఇది 14 కిలోల సైకిలుకు మూడోవంతుకు పైగా అదనం. ఆ పొద్దు నా సైకిలు ఎందుకు లేవలేదో ఇంటికొచ్చి ఈ లెక్క వేసుకున్నాకే అర్థమైంది.

టైరుకు రెండు పక్కలా ఎన్ని మిల్లీమీటర్లు

బరువు కంటే పెద్ద కష్టం బిగుసుకోవడం. టైరు పక్కన 57-622 వంటి అంకెలుంటాయి. మొదటిది గాలి నింపాక టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. 622 అంటే 29 అంగుళాల చక్రం, 584 అంటే 27.5, పాత 26 అంగుళాలకు 559. రెండో అంకె మీ పాత టైరు మీద ఉన్నదానితో కలవకపోతే మిగతా ఏవీ చూడనక్కర్లేదు. మొదటి అంకెలోనే మనకు పని.

ఫ్రేములో వెనక చక్రం దూరే సందు, పెడళ్ల ఇరుసు వెనక అన్నిటికంటే ఇరుకైన చోట, 75 మి.మీ. ఉందనుకుందాం. 2.4 అంగుళాల టైరు, అంటే 61 మి.మీ., వేస్తే చెరోపక్క మిగిలేది 7. 2.25 వేస్తే 57, మిగిలేది 9. 2.0 వేస్తే 51, మిగిలేది 12. టైరు మీద 5 మి.మీ. మట్టి పట్టిందంటే మొదటిదానికి చెరోపక్క 2 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఒక మొరం పలుకు చాలు చక్రం ఆగడానికి. మూడోదానికి ఇంకా 7 ఉంది. వెడల్పులో 10 మి.మీ. తగ్గించుకుంటే ఊపిరాడే చోటు మూడున్నర రెట్లు పెరిగింది. రిమ్ము లోపలి వెడల్పు పెద్దదైతే అదే టైరు ఒకటి రెండు మి.మీ. లావుగా కూర్చుంటుంది కాబట్టి ముద్రించిన అంకెను గుడ్డిగా నమ్మకుండా గాలి కొట్టాక కొలవాలి.

మా తాతయ్య వానలు మొదలవగానే తన సైకిలు మడ్‌గార్డులు రెండూ ఊడదీసి అటక మీద పెట్టేవాడు. దీపావళి దాటాక మళ్లీ బిగించేవాడు. వీపంతా బురద చిమ్ముతుంది కదా అని నానమ్మ అంటే, చొక్కా ఉతుక్కోవచ్చు, చక్రం ఆగితే మోసుకురావాలి అనేవాడు. ఆయన ఏ స్కేలూ పెట్టి కొలవలేదు, అయినా ఈ 7, 9, 12ల లెక్క ఆయనకు తెలుసు. మీ సైకిలుకు డిస్కు బ్రేకులు కాక రిమ్మును పట్టే వీ బ్రేకులుంటే, వాటి చేతుల దగ్గర చోటు ఇంకా ఇరుకు. అక్కడ సన్నటైరు తప్ప మరో దారి లేదు.

సన్నమా, లావా అన్న వాదన పాతది. సన్నటైరు జారుడు పొరను కోసుకుని అడుగు నేలను అందుకుంటుంది. లావుటైరు పైన తేలుతుంది. బురద పోటీలకు పుట్టిల్లు లాంటి బెల్జియంలో సైక్లోక్రాస్ ఆటగాళ్లు 33 మి.మీ. టైర్లతోనే చలికాలమంతా అడుసు తొక్కుతారు. అంతకు మించిన వెడల్పును అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకోదు. గాలి 20 పీఎస్ఐ దగ్గర, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఆ అంకె చూసి ఉత్సాహపడేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. ఆ పోటీల్లో దారి పక్కన పిట్‌లో మెకానిక్కు కడిగిన రెండో సైకిలుతో సిద్ధంగా ఉంటాడు. బురద ఎక్కువైన రోజు ఆటగాడు అర చుట్టుకోసారి సైకిలు మార్చుకుంటాడు. మనకు నీళ్లపైపు ఇంటికి చేరాకే. అందుకని వెనక చక్రానికి 2.2–2.25, ముందు చక్రానికి 2.3–2.35 అన్నది నేను స్థిరపడిన కొలత. ముందు ఫోర్కులో చోటు సాధారణంగా ఎక్కువే ఉంటుంది. పైగా వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే పడిపోవడమే.

గాలి: ఖర్చు లేని మార్పు

టైరు మార్చక ముందు గాలి మార్చి చూడండి. ఒక పీఎస్ఐ అంటే చ.సెం.మీ.కు 0.07 కిలోల ఒత్తిడి. 70 కిలోల మనిషి, 14 కిలోల సైకిలు, 3 కిలోల సంచీ నీళ్లు కలిపి 87 కిలోలు. అందులో 60 శాతం వెనక చక్రం మీద పడితే 52 కిలోలు. గాలి 28 పీఎస్ఐ ఉంటే, టైరు గోడల బిగువు వదిలేసి లెక్కిస్తే, గట్టినేల మీద టైరు ఆనే చోటు 26 చ.సెం.మీ. 23 పీఎస్ఐకి 32. 20కి 37. ఆనే చోటు ముఖ్యంగా పొడవునా పెరుగుతుంది, ఒకేసారి నేలను పట్టే బొడిపెలు పెరుగుతాయి. బొడిపెలు కదలడానికి వీలు చిక్కి మట్టిని వదిలించుకోవడమూ మెరుగవుతుంది. కొత్త టైరు ఇచ్చే లాభంలో కొంత ఇలా వాల్వు మూత తిప్పితేనే వచ్చేస్తుంది.

తగ్గించడానికి హద్దుంది. లోపల ట్యూబు ఉంటే 24–25 కంటే దిగితే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే ఈ 70 కిలోల మనిషి ముందు 20, వెనక 23తో మొదలుపెట్టి, ఒక్కో పీఎస్ఐ తగ్గిస్తూ మలుపుల్లో టైరు పక్కకు మడతపడినట్టు అనిపించేదాకా పోవచ్చు. అక్కడ ఆగి ఒకటి పెంచుకోవాలి. పంపుకుండే గేజీలు ఇంత తక్కువ ఒత్తిడి దగ్గర తేడా చూపిస్తాయి కాబట్టి చిన్న డిజిటల్ గేజీ ఒకటి కొనుక్కోవడం మంచిది. ఏ గేజీ అయినా ఎప్పుడూ అదొక్కటే వాడండి.

ట్యూబ్‌లెస్ మాట ఎత్తినప్పుడు ముళ్ల మాట రావాలి. మన దారుల్లో వానకు కొట్టుకొచ్చే తుమ్మముళ్లు, సర్కారు తుమ్మ కొమ్మలు, పల్లేరుకాయలు బురదలో కనపడవు. 29 అంగుళాల టైరులో 100–120 మి.లీ. సీలెంట్ పోస్తే చిన్న ముల్లు చేసే చిల్లు చక్రం తిరుగుతుండగానే పూడుకుంటుంది. మన వేడికి అది త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి తీసి చూడాలి. టైరు అల్లిక విషయంలో అంగుళానికి 120 పోగులున్నది సన్నగా, తేలికగా, నేలకు ఒదిగేలా ఉంటుంది. 60 పోగులది మందంగా, ముల్లుకు కొంత ఓర్చుకునేలా ఉంటుంది. బరువు వంద గ్రాములు పెరిగినా నేను వెనక చక్రానికి 60నే ఎంచుకుంటాను.

రబ్బరు మెత్తదనం గురించి ఎక్కువ చెప్పను. షోర్ ఏ అనే కొలమానంలో 60 గట్టిది, 50 నడిరకం, 42 బాగా మెత్తన. అంకె తగ్గేకొద్దీ తడిరాయి మీద, వేర్ల మీద అతుక్కునే గుణం పెరుగుతుంది. బురదలో మాత్రం టైరు రబ్బరు రాయిని తాకదు, మట్టిని తాకుతుంది. అక్కడ ఆకారానిదే పని. చలిదేశాల్లో రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది కాబట్టి మెత్తది కావాలంటారు. మనకు ఆగస్టులో కూడా 25 డిగ్రీల పైనే. ఇక్కడ 42 రకం టైరు గ్రానైటు మొరం మీద, దారిదాకా పోయే తారురోడ్డు మీద ఒక్క వానకాలంలోనే బొడిపెల అంచులు పోగొట్టుకుంటుంది. అంచు పోయిన బొడిపె బురదను కోయలేదు. ముందు చక్రానికి 50, వెనకకు 60 సరిపోతుంది.

ఇంతకూ ఏది కొనాలి? మీ మట్టిపట్టీ 2.5 సెం.మీ. లోపే తెగిందా, కొత్త టైరు కొనకండి. ఉన్న ట్రైల్ టైరులో గాలి 2–3 పీఎస్ఐ తగ్గించుకుని వెళ్లండి. చల్కాలో వాన ఆగిన కాసేపటికే పట్టు బాగుంటుంది, ఎండలో కంటే బాగుంటుంది కూడా. పట్టీ 2.5 నుంచి 5 మధ్య సాగి, పుల్ల కొద్ది మి.మీ.లలోనే గట్టినేలను తాకిందా, ముందు చక్రానికి ఒక్కదానికి 5–6 మి.మీ. ఎత్తు, 10–12 మి.మీ. ఎడం ఉన్న టైరు తీసుకోండి. వెనక పాతదే ఉండనివ్వండి. ఒక కారు తొక్కి చూశాక వెనకది కూడా మార్చాలో లేదో మీకే తెలుస్తుంది. జత కట్టి ఒకేసారి కొనడం వల్ల ఏ ఒక్కటీ సరిగా అర్థం కాదు.

పట్టీ 5 సెం.మీ. దాటిందా? అప్పుడు ఏ టైరూ కొనవద్దనే నా సలహా. నల్లరేగడి తడిసి ఉన్నప్పుడు లోకంలోని ఏ సైకిలు టైరూ దాన్ని దాటించలేదు. మేకుల టైరు మరో పది గజాలు తీసుకెళ్లి ఆపుతుంది. పైగా అది ఉత్త దారి కాదు, ఎవరిదో చేను గట్టు, ఎవరివో ఎడ్లు నడిచే బాట. తడిలో పడిన చక్రం గాడి ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది. మళ్లీ వానొస్తే నీళ్లు ఆ గాడి పట్టుకునే పారి దారిని కోస్తాయి. అటవీ దారులైతే ముందే అటవీశాఖ అనుమతి సంగతి తెలుసుకోవాలి. చేల దారులైతే రైతును అడగాలి. దుక్కికి పదునొచ్చిందంటే తొక్కడానికీ వచ్చినట్టే. మట్టి చేతిలో ముద్దకట్టి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోతుంది, అరచేతికి మరక అంటదు. దానికి ఏ గేజీ అక్కర్లేదు.

ఆ పెద్దాయన చెప్పినట్టే నాలుగు రోజులు ఎండ కాశాక మళ్లీ వెళ్లాను. ముందు 20, వెనక 23. బండ్లబాట గట్టిగా, సైకిలుకు హాయిగా ఉంది. ఆయన అవతలి చేలో గుంటక తోలుతున్నాడు. నేను చిక్కుకున్న చోట నా చక్రం గాడి పడింది పడినట్టే ఎండిపోయి ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. లోతు 4 సెం.మీ., పొడవు ఏడడుగులు. సంచిలోంచి టైరు లివర్లు తీసి అంచులు పగలగొట్టి పూడ్చడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, ఆయన గట్టు మీది పార తెచ్చి నా చేతికిచ్చాడు.